హిజ్కియా ఎవరి సర్పాన్ని పగలగొట్టాడు?

మేడారం జాతరలో రెండో రోజు, గురువారం సాయంత్రం, చిలకలగుట్ట నుంచి కుంకుమ భరిణె దిగివస్తుంది. గుట్ట మీద అది ఏ చోట ఉంటుందో కోయ పూజారులకే తెలుసంటారు. వాళ్లు దాన్ని తీసుకుని కిందికి రాగానే పోలీసు అధికారులు గాలిలోకి తుపాకి పేల్చి ప్రభుత్వం తరఫున స్వాగతం పలుకుతారు. అక్కడి నుంచి గద్దె దాకా ఇసుక వేస్తే రాలనంత జనం. 1996లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రాష్ట్ర పండుగగా ప్రకటించిన ఈ జాతరకు రెండేళ్లకోసారి కోటిమందికి పైగా వస్తారని అధికారుల అంచనా. 2026 జనవరి 28 నుంచి 31 వరకు జరిగిన జాతరలోనూ ఇదే దృశ్యం. అంతమంది వచ్చి మొక్కే ఆ గద్దెల మీద విగ్రహాలుండవు. వెదురు, కొయ్య, కుంకుమ, అంతే.

ఆ నాలుగు రోజులూ వరంగల్, ములుగు ప్రాంతాల్లోని మన సంఘాల్లో రెండు స్వరాలు వినిపిస్తాయి. ఒకటి వేళాకోళం. భరిణెకు మొక్కడమేమిటి, బెల్లాన్ని బంగారమనడమేమిటి అని నవ్వే స్వరం. అప్పుడప్పుడూ అది ప్రసంగ వేదిక మీదికీ ఎక్కుతుంది, మైకులోంచి పక్కింటివాళ్లకూ వినబడుతుంది. రెండోది చాలా చిన్న స్వరం. అత్తింట్లో తానొక్కతే విశ్వాసంలోకి వచ్చిన కోడలిది. పిల్లవాడికి జబ్బు చేసినప్పుడు అత్తగారు మనవడి నిలువెత్తు బంగారం మొక్కుకుంది, అంటే పిల్లవాడి బరువుకు సరితూగే బెల్లం. ఇప్పుడు ఆ మొక్కు తీర్చడానికి ఇంటిల్లిపాదీ బయల్దేరుతున్నారు. 'అయ్యగారూ, నేను వెళ్లాలా, మానాలా?' అని ఆమె అడుగుతుంది. మొదటి స్వరం ఎంత పెద్దదైతే రెండో స్వరం అంతగా గొంతులోనే అణిగిపోతుంది. ఈ వారం మనం మాట్లాడుకోవలసింది ఆ కోడలి గురించే. కాకపోతే ఆమె దగ్గరికి చేరడానికి కాస్త చుట్టు తిరిగి రావాలి.

ముందు ఆ భరిణె వెనకున్న కథ. తరతరాలుగా చెప్పుకునే ప్రకారం పగిడిద్దరాజు కాకతీయులకు సామంతుడు. కరవొచ్చి పంటలు పోయిన ఏట కప్పం కట్టలేకపోయాడు. ఓరుగల్లు నుంచి సేన కదిలింది. యుద్ధంలో పగిడిద్దరాజు, కూతురు సారలమ్మ, అల్లుడు గోవిందరాజు చనిపోయారు. కొడుకు జంపన్న సంపెంగవాగులో ప్రాణం విడిస్తే ఆ వాగుకు జంపన్న వాగు అన్న పేరే మిగిలింది. భార్య సమ్మక్క ఒంటరిగా పోరాడి, వెనకనుంచి పొడిచిన పోటుకు నెత్తురోడుతూ చిలకలగుట్ట వైపు వెళ్లి కనిపించకుండా పోయింది. వెతుక్కుంటూ వెళ్లినవాళ్లకు అక్కడొక చెట్టు దగ్గర కుంకుమ భరిణె దొరికింది. ఇందులో చరిత్ర ఎంత, గాథ ఎంత అన్నది చరిత్రకారులు తేల్చుకుంటారు. బైబిలు చదివేవాళ్లకు మాత్రం ఈ కథ మొదటి సగం కొత్తగా అనిపించకూడదు. తండ్రి మోపిన కాడిని తేలిక చేయమని జనం వచ్చి అడిగితే, ఇంకా బరువు చేస్తానని రెహబాము జవాబిచ్చిన అధ్యాయం మన చేతుల్లోనే ఉంది (1 రాజులు 12). పన్ను కట్టలేని జనం పక్షాన నిలబడి చనిపోయిన ఒక తల్లిని ఏడు వందల ఏళ్లుగా మరచిపోనివాళ్లను చూసి నవ్వమని మనకు ఏ లేఖనమూ చెప్పలేదు.

సరిగ్గా అదే కాలంలో క్రైస్తవ లోకం ఏం చేస్తోందో చూద్దాం. ప్రతాపరుద్రుడు ఓరుగల్లును ఏలింది 1289 నుంచి 1323 దాకా. ఆ రోజుల్లో ఇప్పటి బెల్జియం దేశంలోని బ్రూజ్ పెద్ద వర్తక పట్టణం. అక్కడి ఆలయంలో ఒక స్ఫటికపు గొట్టం, అందులో నెత్తుటి మరకలున్న గుడ్డపేలిక. అరిమతయియ యోసేపు ప్రభువు దేహాన్ని తుడిచిన గుడ్డ అదేనని వాళ్ల నమ్మకం. ఫ్లాండర్స్ ప్రాంతాన్నేలిన తియెరీ అనే ప్రభువు రెండో క్రూసేడు నుంచి తిరిగివస్తూ 1150లో యెరూషలేము నుంచి దాన్ని తెచ్చాడని సంప్రదాయం. చరిత్రకారులు మరో మాట చెబుతారు. 1204లో క్రూసేడు సైనికులు కాన్‌స్టాంటినోపుల్‌ను, సాటి క్రైస్తవుల పట్టణాన్నే సుమా, దోచుకున్నారు. ఆ దోపిడి సొమ్ములో అది వచ్చి ఉండవచ్చంటారు. పాత పత్రాల్లో దాని ప్రస్తావన మొదట కనబడేది 1256లో, ఊరేగింపు ప్రస్తావన 1291లో. అప్పటికి ప్రతాపరుద్రుడు గద్దెనెక్కి రెండేళ్లు. 1310లో మాలిక్ కాఫుర్ సేన ఓరుగల్లు కోట నుంచి ధనరాశులతో ఢిల్లీకి మళ్లింది. అదే ఏడు, ఆ గొట్టాన్ని దర్శించేవారికి పాపశిక్షలో మినహాయింపు ఇస్తూ పోపు ఐదో క్లెమెంటు ఆజ్ఞాపత్రం జారీచేశాడు.

ఆ ఊరేగింపు ఇప్పటికీ ఉంది. ఏటా ఆరోహణ పండుగనాడు బైబిలు ఘట్టాలను నటించి చూపుతూ పట్టణంలోని జనం వీధుల్లో నడుస్తారు, వారి వెనక ఆ గొట్టాన్ని మోసుకొస్తారు. 2009లో యునెస్కో దాన్ని మానవజాతి సాంస్కృతిక వారసత్వాల జాబితాలో చేర్చింది. (మన చర్చిల్లో ఆరోహణ పండుగ ఆరాధనకు ఎంతమంది వస్తారో పాస్టర్లందరికీ తెలుసు, అది వేరే సంగతి.)

భరిణె, గొట్టం ఒకటేనని మేము అనడం లేదు. వాటి వెనకున్న నమ్మకాలు వేరు. ఆ గొట్టంలో ప్రభువు రక్తం ఉందనీ మేము నమ్మం. ఆయన తన రక్తంతో ఒక్కసారే పరిశుద్ధ స్థలంలో ప్రవేశించాడన్న హెబ్రీ పత్రిక మాట (9:12) మనకు చాలు. కానీ ప్రాణమిచ్చినవాళ్లు పూర్తిగా చేజారిపోకూడదని, వారిదేదో ఒకటి మన దగ్గర మిగలాలని మనిషి పడే ఆరాటం ఒకటుంది. అది అడవిలోనూ ఉంది, ఆలయంలోనూ ఉంది.

ఆ ఆరాటం ప్రేమలోంచే పుడుతుంది. స్ముర్న సంఘపు పెద్ద పొలికార్పును రెండో శతాబ్దం మధ్యలో చితి మీద చంపినప్పుడు విశ్వాసులు ఆయన ఎముకలు ఏరుకున్నారు. రత్నాల కన్నా విలువైనవిగా ఎంచి ఒకచోట భద్రపరిచారు, ఏటా ఆయన మరణదినాన అక్కడ కూడుకోవాలనుకున్నారు. ఈ సంగతి వాళ్లు రాసిన ఉత్తరంలోనే ఉంది. చనిపోయిన అమ్మ చీరను మడతపెట్టి బీరువాలో దాచుకున్నవాళ్లెవరూ ఇందులో తప్పు పట్టలేరు. కష్టమంతా ఆ తర్వాత మొదలవుతుంది. దాచుకున్నదాన్ని చూపించడం, చూపించినందుకు కానుక పుచ్చుకోవడం, కానుకను బట్టి పుణ్యం లెక్కగట్టడం. విట్టెన్‌బర్గ్‌ను ఏలిన ఫ్రెడరిక్ తన కోట ఆలయంలో ఇలాంటి పవిత్ర అవశేషాలను పోగుచేశాడు. 1509 జాబితాలో అవి 5,005. 1520 నాటికి 19 వేలు దాటాయి. ఒక్కొక్కదాని దర్శనానికి ఇన్ని రోజుల శిక్ష తగ్గుతుందని లెక్క. మార్టిన్ లూథర్ తన వాదాలను ప్రకటించిన 1517 అక్టోబరు 31కి మర్నాడే ఆ ఆలయంలో సకల పరిశుద్ధుల పండుగ. లూథర్ ప్రశ్నించింది పరాయి మతంవాళ్ల జాతరను కాదు, తాను బోధించే ఊళ్లో తనకు నీడనిచ్చే ప్రభువు మురిపెంగా కూడబెట్టుకున్నదాన్ని. 1543లో కాల్విన్ రాసిన పుస్తకంలోనైతే చురకలే చురకలు. ప్రభువు సిలువ ముక్కలంటూ లోకమంతా చూపిస్తున్న కొయ్యను కుప్పపోస్తే ఓడ నిండుతుందన్నాడు. అదీ తన సొంత సంప్రదాయంవాళ్లతో అన్న మాటే.

ఆ తరువాతి తరం మాట వదిలి గొడ్డలి పట్టుకుంది. 1566లో ఫ్లాండర్స్‌లోని అనేక పట్టణాల్లో సంస్కరణవాదులు చర్చిల్లో జొరబడి విగ్రహాలు, గాజు చిత్రాలు పగలగొట్టారు. 1578 నుంచి 1584 దాకా బ్రూజ్ పట్టణమే కాల్వినిస్టుల చేతికొచ్చింది. అప్పుడు ఆ గొట్టాన్ని ఒక భక్తుడు తన ఇంట్లో దాచాడు, వాళ్లు పోయాక బయటికి తెచ్చాడు. ఈ రోజు బ్రూజ్‌లో ఊరేగింపు ఉంది, కాల్వినిస్టుల ఏలుబడి లేదు.

ఇక్కడ హిజ్కియా గుర్తురాకుండా ఉండడు. ప్రసంగాల్లో మనం తరచూ ఆయన్ని సుత్తి చేతికిచ్చి నిలబెడతాం. ఆయన పగలగొట్టిన ఇత్తడి సర్పం (2 రాజులు 18:4) ఎవరిది? ఫిలిష్తీయుల దాగోనా, మోయాబీయుల కెమోషా? మోషే చేయించింది. అదీ దేవుడు చెప్పగా చేయించింది (సంఖ్యా 21:8-9). దానివైపు చూసి పాము కాటు తిన్నవాళ్లు నిజంగా బ్రతికారు. లోకంలో ఏ చర్చి దగ్గరా అంత నికార్సయిన పవిత్ర వస్తువు లేదు. అయినా జనం దానికి ధూపం వేస్తున్నారని చూశాక ఆయన దాన్ని ఛిన్నాభిన్నం చేశాడు. అది వట్టి ఇత్తడి అన్నాడు. అదే అధ్యాయంలో నాలుగు వచనాల తర్వాత ఆయన ఫిలిష్తీయులను గాజా దాకా తరిమికొట్టినట్టు ఉంది, కానీ అక్కడి గుళ్లు పగలగొట్టినట్టు ఒక్క మాటా లేదు. గిద్యోను కూలదోసిన బలిపీఠం కూడా తన తండ్రిదే (న్యాయాధిపతులు 6:25). కనాను దేశంలోని బలిపీఠాలను పడగొట్టమన్న ఆజ్ఞ సంగతేమిటని అడిగేవారుంటారు (ద్వితీయోపదేశ కాండము 7:5). అది ఒక దేశాన్ని స్వాధీనం చేసుకుంటున్న ఒక జనానికి ఇచ్చిన ఆజ్ఞ. అలాంటిది ప్రభువు తన సంఘానికి ఇవ్వలేదు. సంఘం ఎలా నడుచుకుందో చూడాలంటే ఎఫెసుకు వెళ్లాలి.

అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయాన్ని మేడారాన్ని మనసులో పెట్టుకుని చదివితే కొత్తగా కనిపిస్తుంది. ఎఫెసులోనూ పెద్ద దేవత ఉంది, ద్యుపతి దగ్గర నుంచి పడిందని నమ్మే మూర్తి ఉంది, కిక్కిరిసిన జనం ఉన్నారు. వెండి గుళ్లు చేసి అమ్మే దేమేత్రియు ఉన్నాడు. పౌలు అక్కడ ఒకరోజు కరపత్రాలు పంచి వెళ్లిపోలేదు, తురన్ను పాఠశాలలోనే రెండేళ్లు బోధించాడు. మంత్రతంత్రాల పుస్తకాలు కాలిపోయాయి, నిజమే. వాటి వెల యాభై వేల వెండి నాణేలు. తెచ్చి తగలబెట్టింది మాత్రం వాటి సొంతదారులే, విశ్వసించాక, తమ చేతులతో. చివరికి పట్టణమంతా అల్లరైనప్పుడు వాళ్లను నిలబెట్టి మాట్లాడిన అధికారిని మన తెలుగు బైబిలు 'కరణము' అంటుంది. ఎంత చక్కటి మాట! ఊరి లెక్కలన్నీ తెలిసినవాడు. పౌలు అనుచరులు గుడి దోచినవాళ్లు కారని, మన దేవతను దూషించలేదని ఆయన సాక్ష్యమిచ్చాడు (19:37). అర్తెమి భక్తుల ఊరి కరణం ఇచ్చిన సాక్ష్యమిది. అన్నేళ్లు క్రీస్తును ప్రకటించి కూడా దూషణ మాట రానివ్వకుండా ఉండటం సాధ్యమేనన్నమాట. ములుగు జిల్లాలో ఏ గ్రామ అధికారినైనా అడిగితే మన సంఘాల గురించి అలాంటి మాట చెబుతాడా?

అదే అధ్యాయంలో పౌలు చేతిగుడ్డలు, నడికట్లు కూడా ఉన్నాయి (19:12). వాటిని రోగుల దగ్గరికి తీసుకెళ్తే బాగుపడ్డారు. ఈ వచనం మీద ఇవాళ మన మధ్య ఎంత వ్యాపారం నడుస్తోందో చెప్పనక్కర్లేదు. ప్రార్థన చేసిన రుమాళ్లు పోస్టులో వస్తాయి. దైవజనుడి బొమ్మ అంటించిన నూనె సీసాలు, యొర్దాను నీళ్లు, యెరూషలేము మట్టి కూటాల బయట బల్లల మీద దొరుకుతాయి. లూకా మాత్రం వాటిని విశేషమైన అద్భుతాలన్నాడు, నిత్యమూ జరిగేవన్నట్టు రాయలేదు. ఆ గుడ్డలు డేరాలు కుట్టే పనివాడు చెమట తుడుచుకున్నవి, కట్టుకుని పనిచేసినవి. వాటికి ధర పెట్టినట్టు ఎక్కడా లేదు. యాకోబు పత్రికలో నూనె ఉంది (5:14), నూనెతోపాటు రోగి మంచం దాకా నడిచివెళ్లే పెద్దలూ ఉన్నారు. మనవాళ్లు పెద్దల్ని వదిలేసి సీసా పట్టుకున్నారు. ఇక పీడకలలు రాకుండా తలగడ కింద పెట్టే బైబిలు ఉంది, పగలు మాత్రం ఎవరూ తెరవరు. కథోలిక సహోదరులను అడిగితే తాము అవశేషాలను ఆరాధించడం లేదని, గౌరవిస్తున్నామని కనీసం ఒక వివరణ ఇస్తారు. మన సీసాలకు ఆ వివరణ కూడా లేదు. హిజ్కియాను మన సంఘాలకు ఒక్క ఆదివారం అతిథిగా పిలిస్తే ఆయన మేడారం దాకా వెళ్లేంత తీరిక దొరకదు.

ఈ అడవి జనం మధ్యకు పూర్వం వచ్చినవాళ్లలో కొందరికి ఈ తెలివిడి ఉండేది. గోదావరి ఒడ్డున దుమ్ముగూడెంలో 19వ శతాబ్దంలో చర్చి మిషనరీ సొసైటీవారు కోయల మధ్య పనిచేశారు. వారిలో జాన్ కేన్ కోయ భాష నేర్చుకుని, వాళ్ల ఆచారాలను, మాటలను గురించి ఆనాటి పరిశోధన పత్రికలో వ్యాసాలు రాశాడు. ఆయన అభిప్రాయాలన్నీ మనకు నచ్చాలని లేదు. అయినా బోధించేముందు వినాలని ఆయనకు తెలుసు. జాతర రోడ్డు పక్కన నిలబడి తెలుగు కరపత్రం పంచే మనలో కోయ భాషలో బాగున్నారా అని అడగగలిగేవాళ్లు ఎందరు? పైగా ఆ వచ్చేవాళ్లందరినీ కలిపి 'అన్యులు' అనేస్తాం. బైబిల్లో ఉన్న మాటే కావచ్చు. ఎదురింటి అక్కను పట్టుకుని అనవలసిన మాట కాదది.

ఇప్పుడు ఆ కోడలు. ఆమె ప్రశ్నకు దగ్గరగా బైబిల్లో ఉన్నది సిరియా సేనాధిపతి నయమాను అడిగింది (2 రాజులు 5). బాగుపడ్డాక అతను రెండు కంచరగాడిదల మోత మన్ను కావాలన్నాడు. అదీ ఒక గుర్తు దాచుకోవడమే, ఎలీషా కోప్పడలేదు. తరువాత, రాజుగారు నా చేతిమీద ఆనుకుని రిమ్మోను గుడిలో మొక్కేటప్పుడు నేనూ వంగవలసి వస్తుంది, ప్రభువు క్షమిస్తాడా అని అడిగాడు. మన కమిటీల్లో అయితే ఈ ప్రశ్న మూడు గంటలు నడిచేది. ఎలీషా నెమ్మదితో వెళ్లమన్నాడు, అంతే. వంగు అనలేదు, వంగితే పోతావనీ అనలేదు.

మా అభిప్రాయం ఇది. ఇంటివాళ్లతో ఆమె వెళ్లవచ్చు. ఆ జనంలో అత్తగారి చెయ్యి పట్టుకుని నడిపించాల్సిన అవసరం ఉంటుంది, పిల్లల్ని చూసుకోవాల్సిన పని ఉంటుంది. అది కోడలి బాధ్యత, దాన్ని వదిలేయడం భక్తి కాదు. తాను గద్దె దగ్గర మొక్కనని భర్తకు ముందే చెప్పాలి, మెల్లగా, ఇంట్లోనే. పిల్లవాడిని తూకంలో కూర్చోబెట్టే విషయం తల్లిదండ్రులిద్దరూ కలిసి నెల ముందే తేల్చుకోవాలి. తూకం ముందు, వెయ్యిమంది చూస్తుండగా, దాని మీద తగువు పెట్టుకుంటే ఆ ముసలమ్మ మనసులో క్రీస్తు పేరు ఎలా మిగులుతుందో ఆలోచించాలి. ఎందుకంటే ఆమె మొక్కుకుంది మనవడి ప్రాణం కోసం. కోడలు మోకరించి ఏడ్చిందీ అదే రాత్రి, అదే పిల్లవాడి కోసం. వెళ్లడానికి ఆమె మనస్సాక్షి ఒప్పకపోతే ఇంట్లో ఉండనివ్వండి, ఆ సంగతి రోమా 14లో ఉంది. వెళ్లినామెను మర్నాటి ఆదివారం ప్రభువు బల్ల దగ్గర వెనక్కి నెట్టకండి. ఇందులో మాతో విభేదించే పాస్టర్లున్నారని తెలుసు. వారిని మేము కోరేదొక్కటే, ఆ ఇంటికి ఒకసారి వెళ్లి, అత్తగారితో కూడా మాట్లాడాక తీర్పు చెప్పండి.

జాతర నుంచి తిరిగొచ్చిన పొరుగువాళ్లు బంగారం తెచ్చి ఇస్తారు. ఇది దేవతకు అర్పించిందని చెప్పి ఇస్తే, చెప్పినవాని మనస్సాక్షి నిమిత్తం తినవద్దన్నాడు పౌలు (1 కొరింథీ 10:28). తినకండి. అయితే తలుపు దగ్గరే వద్దని ముఖం మీద చెప్పి పంపేయకండి. లోపలికి పిలిచి కూర్చోబెట్టండి, ప్రయాణం ఎలా సాగిందని, ఎవరైనా తప్పిపోయారా అని అడగండి, టీ ఇవ్వండి, మీ విశ్వాసంలో మీరెందుకు తీసుకోరో నెమ్మదిగా చెప్పండి. మన క్రిస్మస్ కేకును వాళ్లెప్పుడూ వద్దనలేదని గుర్తుంచుకోండి.

తరువాతి జాతర 2028లో. హనుమకొండ నుంచి ములుగు, పస్రా మీదుగా మేడారం వెళ్లే దారిలో మన చర్చిలు ఉన్నాయి. ఆ నాలుగు రోజులూ చాలాచోట్ల గేట్లకు తాళాలుంటాయి. ఆ దారిలో ఆడవాళ్లకు అన్నిటికన్నా కరువయ్యేది మరుగుదొడ్డి. తాళం తీసి, నీళ్లు పెట్టి, శుభ్రం చేయడానికి వంతులవారీగా యువజనులను నిలిపితే చాలు. చంటిపిల్లల తల్లులు కూర్చోవడానికి వరండాలో నాలుగు చాపలు, పక్కన రెండు కుండలు మంచినీళ్లు. కుండల మీద వాక్యం రాయాలా వద్దా అన్నది ఏ సంఘానికి ఆ సంఘం తేల్చుకోవచ్చు.